రెండు బాటిళ్ళు, మూడు మడతలు

ఏప్రిల్ 25

నా బాటిళ్ళకి కాపలా ఉన్న అమ్మకి,

నేను క్షేమంగా చేరాను అని రాయను. నువ్వే కదా తీసుకొచ్చి దింపావు. కానీ ఒక మాట అడగాలి. నిన్న తిరిగి బస్సెక్కేటప్పుడు ఒక్కసారైనా వెనక్కి చూడలేదేం? నేను చెయ్యి నొప్పి పుట్టేదాకా ఊపాను, పెద్దమ్మే సాక్ష్యం. సరేలే, సీటు దొరకదని కంగారు పడి ఉంటావు.

ఇక అసలు సంగతి. బస్టాండులో నేను చెప్పిందంతా నువ్వు ఊఁ ఊఁ అంటూ సగమే విన్నావు. అందుకని మళ్ళీ రాస్తున్నాను. ఈ కాగితం కిటికీ పక్కన గోడకి అంటించు.

సైన్సు టీచర్ క్లాసులో తెల్ల పువ్వుని కాడతో సహా ఎర్ర సిరా కలిపిన నీళ్ళలో పెట్టారని చెప్పాను కదా. మర్నాటికి రేకుల నిండా ఎర్రటి గీతలు. కాడలో సన్నటి గొట్టాలుంటాయట, వాటిలోంచి నీళ్ళు పైకి ఎక్కుతాయట. అందరూ చప్పట్లు కొట్టారు. నేనొక్కదాన్నే చెయ్యెత్తి, "ఎక్కిన నీళ్ళన్నీ పువ్వులోనే ఉండిపోతే అది ఉబ్బి పగిలిపోదా టీచర్?" అన్నాను. టీచర్ నవ్వి, "సెలవుల్లో నువ్వే కనిపెట్టు. స్కూలు తెరిచిన రోజు నువ్వు చెబితే మేమందరం వింటాం" అన్నారు. అందరి ముందూ అన్నారమ్మా. మొదటి బెంచీ వాళ్ళ మొహాలు మాడిపోయాయి.

కాబట్టి జాగ్రత్తగా విను. కిటికీ గట్టు మీద రెండు బాటిళ్ళున్నాయి. రెండింట్లోనూ నీళ్ళు సరిగ్గా ఎనిమిది అంగుళాలు. ఎర్ర దారం కట్టిన దాంట్లో మందారం కొమ్మ ఉంది, ఏడు ఆకులతో. దారం లేని దాంట్లో కొమ్మ లేదు, ఉత్త నీళ్ళు. రెండింట్లోనూ పైన చెంచాడు నూనె పోశాను. ఎందుకు పోశానో కూడా చెప్పాను, నువ్వు వినలేదు. రోజూ పొద్దున్న ఎనిమిదింటికి నీ టేపు పెట్టి నీళ్ళు ఎంత తగ్గాయో రాయాలి. బాటిళ్ళని కదపకూడదు. వాటి పక్కన ఇస్త్రీ పెట్టె పెట్టకూడదు. మర్చిపోకూడదు.

నువ్వు కుట్టిన నీలం గౌన్లు రెండూ బాగున్నాయి. కానీ కింద ఆ మూడు మడతలేంటి? నడుస్తుంటే మోకాళ్ళకి బరువుగా తగులుతున్నాయి. పెద్దమ్మని అడిగితే "ఎదిగే పిల్లవి కదే" అంది. నలభై రోజుల్లో ఎంత ఎదుగుతానేంటి?

జూన్ మూడున ఎన్ని గంటల బస్సుకి వస్తావో ఇప్పుడే రాసెయ్యి. ఇంకా ముప్పై తొమ్మిది రోజులుంది, నాకు తెలుసు. అయినా రాసెయ్యి.

నీ ప్రశ్నలపుట్ట

---

మే 1

నా ప్రశ్నలపుట్టకి,

వెనక్కి చూడలేదని నా మీద కేసు పెట్టావు. కంట్లో నలక పడిందే తల్లీ. అది తీసుకునేసరికి బస్సు మలుపు తిరిగిపోయింది. ఈసారికి వదిలెయ్యి.

నీ ఉత్తరం గోడకి అంటించాను. నువ్వు చెప్పినట్టే రోజూ ఎనిమిదింటికి టేపు పట్టుకుని కొలుస్తున్నాను. ఎనిమిది రోజులకి లెక్క ఇదిగో: రోజుకి అర అంగుళం చొప్పున మొత్తం నాలుగు అంగుళాలు తగ్గాయి. రెండు బాటిళ్ళూ బుద్ధిమంతులే. ఒకదానికి ఎక్కువా ఇంకోదానికి తక్కువా లేకుండా రెండింట్లోనూ సమానంగా తగ్గాయి. ఏ తగువూ లేదు. మీ టీచర్ తప్పకుండా మెచ్చుకుంటారు.

ఫ్యాక్టరీలో పని ఊపిరి సలపనివ్వడం లేదు. నన్ను చొక్కా కాలర్ల నుంచి తీసి బొత్తాల కాజాల మిషను మీద కూర్చోబెట్టారు. రోజుకి ఎన్ని కాజాలు కొడుతున్నానో చెబితే నీ కళ్ళు తిరుగుతాయి. అన్నం తినేటప్పుడు కూడా చెవుల్లో ఆ మిషను టకటకలే. కొత్త సూపర్‌వైజర్‌కి నోటితో మాట్లాడే అలవాటు లేదు, అన్నిటికీ ఈల వేస్తాడు. మేమందరం ఆయనకి ఈలమాస్టారు అని పేరు పెట్టాం. పక్క మిషను ఆవిడ నవ్వాపుకోలేక నిన్న వేలు మీదకి సూది దింపుకోబోయింది.

అన్నట్టు, ఇకమీదట ఉత్తరాలు ఇంటికి రాయకు. మెట్ల కింద ఉత్తరాల పెట్టె తాళం పోయింది, ఎవరివి ఎవరు పట్టుకుపోతున్నారో తెలియడం లేదు. ఫ్యాక్టరీ పోస్టు బాక్సు నంబరు కవరు వెనక రాశాను. ఊరి పేరు వేరే ఉందని కంగారు పడకు, అది కంపెనీ పెద్దాఫీసుది, అక్కణ్ణుంచి మాకు తెచ్చిస్తారు. దానికే రాయి.

మడతల్లేకుండా కుట్టడం నా చేతికి రాదు. బరువైతే కొంచెం నెమ్మదిగా నడువు, అప్పుడైనా మోకాళ్ళు చీరుకోకుండా ఉంటాయి. పెద్దమ్మకి పనిలో సాయం చెయ్యి. పెదనాన్న కళ్ళజోళ్ళ షాపులో అద్దాల మీద వేలిముద్రలు వెయ్యకు.

అమ్మ

---

మే 5

అమ్మా,

కొంప మునిగింది.

రెండూ సమానంగా తగ్గడమేంటి? కొమ్మ లేని బాటిల్ తగ్గకూడదు! అది తగ్గకుండా ఉండాలనే కదా నూనె పోసింది. నీళ్ళ మీద నూనె మూతలా కప్పేస్తుంది, ఎండకి ఆరిపోనివ్వదు. అప్పుడు ఏ బాటిల్లో నీళ్ళు తగ్గితే అవి కొమ్మ తాగినట్టు. రెండోదాంట్లో కొమ్మే లేదు. మరి ఎవరు తాగారు? బాటిళ్ళు అన్నదమ్ములు కావమ్మా, సమానంగా పంచడానికి.

నేను మూడు కారణాలు ఆలోచించాను. ఒకటి, నువ్వు నూనె తీసేసి ఉండాలి. రెండు, మేడ మీద వాళ్ళ పిల్లి తాగి ఉండాలి. దానికి నూనె ఇష్టం, నేను చూశాను. మూడు, బాటిల్ ఎక్కడో చీలి ఉండాలి. వెంటనే చూసి, ఏదో ఒకటి తేల్చి రాయి. టీచర్ ముందు నా పరువు నీ చేతుల్లో ఉంది.

ఇక్కడ పెదనాన్న నాకు గుండ్రటి భూతద్దం ఒకటి ఇచ్చారు, అంచు కొంచెం విరిగిందని అమ్మడానికి పనికిరాదట. దాంతో ఆకు వెనక చూశాను. చిన్న చిన్న చుక్కలున్నాయి, అవే నోళ్ళేమో. తాగిన నీళ్ళు వాటిలోంచి ఆవిరై బయటికి పోతాయేమో. అందుకే పువ్వు పగలదు! నిజమో కాదో తెలియాలంటే నీ కొలతలు సరిగ్గా ఉండాలి.

షాపులో కళ్ళు పరీక్ష చేసే కుర్చీలో కూర్చుంటే ఎదురుగా గోడ మీద అక్షరాలు కనిపిస్తాయి. నేను ఆఖరి వరస దాకా చదివేశాను. "నీ కళ్ళకి ఏదీ దాగదే" అన్నారు పెదనాన్న. పెద్దమ్మ ఆయన వైపు గుర్రుగా చూసింది. ఎందుకో తెలియలేదు.

ఇంకో వింత. పెద్దమ్మ నా కోసం బల్ల కొనింది, సొరుగులతో సహా. "ఉండేది నెలరోజులు, దానికి బల్లెందుకు పెద్దమ్మా" అంటే, వంటింట్లో ఏదో మాడుతోందని పరిగెత్తింది. వెళ్ళి చూస్తే పొయ్యి వెలిగించి కూడా లేదు.

బస్సు టైము ఇంకా రాయలేదు నువ్వు.

నీ ప్రశ్నలపుట్ట

---

మే 10

బంగారుతల్లికి,

నువ్వు చెప్పిన మూడో కారణమే. కొమ్మ లేని బాటిల్‌కి అడుగున వెంట్రుకంత చీలిక ఉంది. నీ ఉత్తరం చదివాక చేత్తో తడిమితే తగిలింది. మైనం అంటించి మళ్ళీ ఎనిమిది అంగుళాలు నింపి, నూనె పోశాను. అప్పట్నుంచి చుక్క తగ్గలేదు. ఎంత తెలివైనదానివే! ఇక్కడ లేకుండానే దొంగని పట్టేశావు. పక్క మిషను ఆవిడకి చెబితే "మీ అమ్మాయి పోలీసు అవుతుంది" అంది.

కొమ్మ ఉన్నది మాత్రం దాని దారిన అది తాగుతోంది. రోజుకి అర అంగుళం, తప్పడం లేదు. ఈ రోజుకి పదిహేడు రోజులు, ఎనిమిదిన్నర అంగుళాలు తగ్గింది. ఆకులు పచ్చగా కళకళలాడుతున్నాయి. రెండు మొగ్గలు కూడా వేసింది.

బల్ల ఇచ్చినందుకు పెద్దమ్మకి థాంక్స్ చెప్పావా? మా అక్కకి నువ్వంటే ప్రాణం. నువ్వు పుట్టినప్పుడు నీకు మొదటి గౌను కుట్టింది తనే తెలుసా? నాకు అప్పటికి కుట్టు రాదు. చేతులు రెండూ ఒకే పొడుగు లేవు, అయినా నీకు అదే వేసేదాన్ని. అక్కడ నిన్ను కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటారు. నాకు ఆ బెంగ లేదు.

ఎండలో తిరగకు. జుట్టు పేలు పట్టకుండా చూసుకో.

అమ్మ

---

మే 15

అమ్మా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను.

బాటిల్లో నీళ్ళు ఎనిమిది అంగుళాలు. నువ్వు ఎనిమిదిన్నర తగ్గాయంటున్నావు. మిగతా అర అంగుళం కొమ్మ ఎక్కడ్నుంచి తాగింది? బాటిల్ అడుగు కొరుక్కుని గట్టు కూడా తాగిందా? ముందు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలేదు.

చీలిక కూడా ఆలోచించాను. రోజూ అర అంగుళం నీళ్ళు కారితే కిటికీ కింద నీ కుట్టు బల్ల తడిసిపోతుంది. నువ్వు బల్ల మీద గ్లాసు పెడితేనే నా వీపు విమానం మోత మోగిస్తావు. అలాంటిది ఎనిమిది రోజులు బల్ల తడుస్తుంటే నీకు తెలియలేదా? నేను అడిగాక గాని తెలియలేదా?

నువ్వు బాటిళ్ళని చూడటం లేదు. నాకర్థమైంది. నీకు ఒంట్లో బాగాలేదు కదూ? లేవలేకపోతున్నావు, నేను భయపడతానని లెక్కలు ఊహించి రాస్తున్నావు. నాన్నకి కూడా ముందు ఇలాగే ఏం లేదు, ఏం లేదు అన్నారు. నాకు అప్పుడు ఆరేళ్ళే కానీ అంతా గుర్తుంది.

నాకు బాటిళ్ళు వద్దు. టీచర్‌కి ఏదో ఒకటి చెప్పుకుంటాను. నిజం చెప్పు. పెదనాన్న నన్ను బస్సెక్కిస్తారు, నేను ఒక్కదాన్నే రాగలను. నీకు గంజి కాయడం నాకు వచ్చు. బాగానే ఉంటే జూన్ మూడున వచ్చి తీసుకెళ్తానని నా మీద ఒట్టేసి రాయి. ఆ ఒక్క వాక్యం చాలు, ఇంకేం రాయకపోయినా ఫరవాలేదు.

నీ ప్రశ్నలపుట్ట

---

మే 20

పిచ్చితల్లీ,

నాకేం కాలేదు. గుండ్రాయిలా ఉన్నాను. ఒంట్లో బాగుండకపోవడమేంటి, నిన్న ఒక్కరోజే అందరికన్నా ఎక్కువ కాజాలు కొట్టి ఈలమాస్టారు చేత రెండు ఈలలు వేయించుకున్నాను. ఇంకెప్పుడూ అలాంటి మాటలు రాయకు. 

లెక్కల దగ్గర నువ్వన్నది నిజమే. పని హడావిడిలో కొన్ని రోజులు కొలవలేదు, అందాజుగా రాసేశాను. గుడ్డ మీద అర అంగుళం తేడా వస్తే ప్రాణం పోయినట్టుంటుంది నాకు, నీళ్ళ దగ్గర మాత్రం నిర్లక్ష్యం చేశాను. తప్పు నాదే. లెంపలేసుకున్నాను.

ఒంటరిగా బస్సెక్కే పిచ్చిపని మాత్రం చెయ్యకు. అక్కడే ఉండు. ఒట్లు వెయ్యకూడదని నీకు ఎన్నిసార్లు చెప్పాను? అమ్మ మాట మీద నమ్మకం లేదా? జూన్ మూడున నేనే వస్తాను. సరేనా?

అమ్మ

---

మే 26

కాజాల మిషను టైలర్ గారికి,

మీరు కుశలమని తలుస్తాను.

నిన్న పెదనాన్న షాపుకి ఒక అమ్మాయి వచ్చింది, నా వయసే. కళ్ళద్దాలు సరిచేయించుకోవడానికి వాళ్ళ నాన్నతో వచ్చింది. తను వేసుకున్న గౌనూ నా గౌనూ ఒకటే. అదే నీలం, అదే గుండ్రటి కాలర్, జేబు కూడా అటువైపే. నాకు ఎంత సంతోషమేసిందో. పరిగెత్తుకెళ్ళి "మీ అమ్మ కూడా మా అమ్మ ఫ్యాక్టరీలోనే చేస్తుందా?" అని అడిగాను. ఆ అమ్మాయి నన్ను వింతగా చూసి, "ఇది మా స్కూలు యూనిఫాం. నువ్వూ మా స్కూలే కదా, వేసుకున్నావుగా" అంది.

మీకు గుర్తుందో లేదో, మా స్కూలు రంగు ఆకుపచ్చ.

పెద్దమ్మ అప్పుడు కౌంటర్ దగ్గర ఉంది. నేను తన వైపు చూడగానే కుర్చీలో కూలబడిపోయింది. పాపం, ఆవిడకి అబద్ధాలు రావు. అన్నీ చెప్పేసింది. మీ ఫ్యాక్టరీ వేరే ఊరికి వెళ్ళిపోయిందట. మీరు కూడా వెళ్ళిపోయారట. అక్కడ ఆడవాళ్ళందరికీ కలిపి హాస్టలట, పిల్లల్ని రానివ్వరట. నన్ను దింపిన మర్నాడే మీరు మన గది ఖాళీ చేశారట. అంటే నేను కిటికీ పక్కన అంటించండి అని ఉత్తరం రాస్తున్న రోజున అక్కడ కిటికీ ఉంది కానీ మీరు లేరు. మార్చి నెలలోనే ఇక్కడి స్కూల్లో నా పేరు రాయించారట. మార్చిలో నేను మీ పక్కనే పడుకుంటున్నాను. మీ చెయ్యి పట్టుకునే పడుకుంటున్నాను. ఒక్క ముక్క చెప్పలేదు.

నా చెవిలో ఎంత పెద్ద పువ్వు పెట్టారండీ! రెండు మొగ్గలు కూడా వేయించారు. చీలిక కూడా తడిమి చూశారు. నేనే చీలిక అన్నాను, మీరు అవునన్నారు. నేను పిల్లి అని ఉంటే పిల్లి అని ఉండేవారు. నేను ఏది అడిగితే అది కుట్టిచ్చారు.

మీకు జబ్బు చేసిందని నేను మూడు రోజులు అన్నం తినలేదు. అది మీకు పెద్దమ్మ రాయలేదా? అప్పుడైనా చెప్పొచ్చు కదా. ఒట్టు వెయ్యనన్నప్పుడే నేను అనుకోవాల్సింది. అనుకోలేదు. ఎందుకంటే అమ్మ మాట మీద నమ్మకం ఉంది కాబట్టి.

స్కూలు తెరిచిన రోజు మా టీచర్ నా పేరు పిలుస్తారు. మొదటి బెంచీ వాళ్ళందరూ వెనక్కి తిరిగి నా చోటు వైపు చూస్తారు. టీచర్‌కి కూడా ముందే తెలుసా? మేడ మీద వాళ్ళకీ తెలుసా? పిల్లికి కూడా తెలుసా? నాకొక్కదానికే తెలియదా?

నన్ను ప్రశ్నలపుట్ట అని మీరే పేరు పెట్టారు. మరి మీరేం పుట్టో నేను రాయను. పెద్దవాళ్ళని అనకూడదు కదా.

ఇట్లు,
మీ అక్కగారింట్లో ఉంటున్న అమ్మాయి

---

జూన్ 5

అమ్మలూ,

నీ ఉత్తరం వచ్చి ఆరు రోజులైంది. మధ్యాహ్నం అన్నాల బెల్లు కొట్టినప్పుడు తెరిచాను. "టైలర్ గారికి" అన్న దగ్గరే ఆగిపోయాను. పదకొండేళ్ళలో నువ్వు నన్ను మీరు అనడం ఇదే మొదలు. కొట్టినా ఇంత నొప్పి పుట్టదు.

నువ్వు రాసినవన్నీ నిజం. ఒక్కటి కూడా కాదనను. మేడ మీద వాళ్ళకీ తెలుసు, నీ మొదటి ఉత్తరం వాళ్ళే ఇక్కడికి పంపారు. టీచర్‌కి కూడా తెలుసు. ఆఖరి రోజు సర్టిఫికెట్ తీసుకోవడానికి వెళ్తే "పాపకి చెప్పారా?" అని అడిగారు. చెప్పానన్నాను. అది కూడా అబద్ధమే. ఒకటి మొదలెట్టాక ఎక్కడ ఆపాలో తెలియలేదు. నీకు చెప్తే ఏడుస్తావు, నువ్వు ఏడిస్తే నేను వెళ్ళలేను, వెళ్ళకపోతే పని పోతుంది. మీ నాన్న పోయాక ఈ పని ఒక్కటే మనల్ని నిలబెట్టింది. సెలవులు అయ్యేలోపు నీకే అక్కడ అలవాటైపోతుంది, అప్పుడు మెల్లగా చెప్పొచ్చు అనుకున్నాను. వేళ్ళు లేకపోయినా కొమ్మ నీళ్ళు తాగి బతుకుతుందని నువ్వే అన్నావు కదా, నా కూతురూ అంతే అని సర్దిచెప్పుకున్నాను.

గది ఖాళీ చేసిన రోజు నీ బాటిళ్ళు ఏం చెయ్యాలో తోచలేదు. మూడంతస్తుల మెట్లు సామాను మోసి మోసి, ఆఖరికి అవే మిగిలాయి. నీళ్ళు ఒంపేసి, బాటిళ్ళు నా చీరల మధ్య చుట్టి తెచ్చుకున్నాను. కొమ్మని చెత్తలో వెయ్యబుద్ధి కాలేదు. వీధి చివర గోడ వారన తడిమట్టి ఉంటే అక్కడ గుచ్చి వచ్చాను. బతికిందో లేదో తెలియదు. తెలియదనే రాస్తున్నాను, చూశావా?

నువ్వు ఉత్తరంలో కొలతలు అడిగితే, రెండింటికీ సమానంగా రాస్తే మంచిదనుకున్నాను. మా అమ్మ నాకూ అక్కకీ ఏదిచ్చినా కొలిచినట్టు సమానంగా ఇచ్చేది. ఒకటి తగ్గకూడదని, అదే ప్రయోగమని నాకు తెలియదు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు హాస్టల్ వెనక ఉన్న మందారం కొమ్మ ఒకటి తెంపి, రెండు బాటిళ్ళూ నా మంచం పక్క కిటికీలో పెట్టాను. నూనె పోశాను. దారం కట్టాను. ఇవి నిజం కొలతలు. కొమ్మ ఉన్నది మొదటి రోజు పావు అంగుళం తగ్గింది. రెండో రోజు మబ్బు పట్టింది, అంతకన్నా తక్కువే తగ్గింది, టేపుకి అందలేదు. మూడో రోజు నేను కొలవలేదు. అది జూన్ మూడు. ఆ రోజు నావల్ల కాలేదు. ఖాళీగా వదిలేశాను, ఊహించి రాయలేదు. నాలుగో రోజు చూస్తే మొదటినుంచీ మొత్తం ముప్పావు అంగుళం. ఒక ఆకు పసుపు పట్టింది. కొమ్మ లేని దాంట్లో చుక్క కూడా తగ్గలేదు. నువ్వే కరెక్టు.

మూడేళ్ళే తల్లీ. మూడేళ్ళు ఇక్కడ చేస్తే కుటుంబాలున్నవాళ్ళకి గదులిస్తామన్నారు, కాగితం మీద రాసిచ్చారు. అందుకే ఆ గౌన్లకి మూడేసి మడతలు పెట్టాను. ఏడాదికొకటి విప్పమని అక్కకి చెప్పాను. మూడో మడత విప్పిన రోజున నేను నీ ముందుంటాను, వచ్చి తీసుకెళ్తాను. ఈసారి ఒట్టేస్తున్నాను. నీ మీద ఒట్టు.

తిట్టు. ఎంతైనా తిట్టు. కానీ మీరు అనకు.

అమ్మ

---

జూన్ 14

అమ్మా,

నేను కొమ్మని కాదు. ముందు అది రాసుకో. కొమ్మ తెంపినవాళ్ళని ఏమీ అడగదు. ఏ నీళ్ళలో పెడితే ఆ నీళ్ళు తాగుతుంది. నేను అడుగుతాను.

మూడో తారీఖున నేను బస్టాండుకి వెళ్ళాను. నువ్వు రావని నాకు తెలుసు. పెద్దమ్మ అన్నీ చెప్పేసింది, అయినా వెళ్ళాను. నువ్వు ఉత్తరంలో "సరేనా?" అని అడిగావు కదా, నేను మనసులో సరే అనేశాను మరి. నాలుగు బస్సులు చూశాను. నాలుగో దాంట్లోంచి నీలాగే జడ వేసుకున్న ఆవిడ దిగింది. పెదనాన్న నా పక్కనే నిలబడ్డారు. ఐదో బస్సు రాకముందే నేనే పదండి అన్నాను. నువ్వు కొలవలేకపోయిన రోజున నేను అక్కడున్నాను.

నీ కొలతలు నమ్ముతున్నాను. ఎందుకంటే అవి సమానంగా లేవు, మధ్యలో ఒక రోజు లేదు, ఆకు కూడా పసుపు పట్టింది. నిజంగా చూసినవాళ్ళే అలా రాస్తారు. కొలతల్ని నమ్ముతున్నాను అన్నానంతే. నిన్ను నమ్ముతున్నానని అనలేదు. నాకింకా కడుపు మండుతూనే ఉంది. పొద్దున్న లేవగానే ఒక నిమిషం మర్చిపోతాను, తర్వాత ఈ గది గోడ రంగు చూసి గుర్తొస్తుంది.

స్కూలు తెరిచారు. ఇక్కడి టీచర్ మంచావిడే. "సెలవుల్లో ఎవరేం చేశారు?" అని అడిగారు. నేను లేచి, తెంపిన కొమ్మ కూడా నీళ్ళు తాగుతుంది, ఆకుల వెనక నోళ్ళలోంచి వదిలేస్తుంది, కొమ్మ లేని బాటిల్లో నీళ్ళు తగ్గవు అని చెప్పాను. "ప్రయోగం నువ్వే చేశావా?" అన్నారు. మా అమ్మ చేసింది అని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఏమీ అనిపించలేదు. వాళ్ళు మా మొదటి బెంచీ వాళ్ళు కాదు.

ఇక నీ ఒట్టు సంగతి.

నీ ఉత్తరం చదవగానే పెద్దమ్మ కత్తెర తీసుకున్నాను. పెదనాన్న ఇచ్చిన భూతద్దం పెట్టి చూసుకుంటూ, ఒక నీలం గౌనుకి గుడ్డ చిరగకుండా ఒక్కో కుట్టూ తెంపాను. ఎంత దగ్గర దగ్గరగా వేశావమ్మా కుట్లు! ఒక్కో మడతకి గంట పట్టింది. బయటి గుడ్డ ఉతికి ఉతికి వెలిసింది కానీ, మడతల లోపల ఇంకా కొత్త నీలమే ఉంది. మొదటిది విప్పాను. రెండోది విప్పాను. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి "వద్దే, వద్దే" అంటూనే ఉంది, కానీ వచ్చి నా చెయ్యి పట్టుకోలేదు. మూడోది కూడా విప్పేశాను.

ఇవాళ ఆ గౌనే వేసుకుని స్కూలుకి వెళ్ళాను. కిందికి జారి పాదాల మీద పడుతోంది. మెట్లెక్కుతూ రెండుసార్లు పడబోయాను. పిల్లలందరూ నవ్వారు, టీచర్ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నవ్వనీ. రేపూ ఇదే వేసుకుంటాను. ఎల్లుండి కూడా.

మూడో మడత విప్పిన రోజున వస్తానన్నావు. నా మీద ఒట్టేశావు.

విప్పేశాను. రా.

నీ ప్రశ్నలపుట్ట